పై పొర మీది, అస్తరు మాది

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏదైనా ఒక అద్దాల మేడ ముందు, పండగ ముందురోజు పొద్దున్నే నిలబడి చూడండి. దీపావళి కావచ్చు, సంక్రాంతి కావచ్చు. కంపెనీల వాళ్లు దాన్ని ‘ఎథ్నిక్ డే’ అంటారు. రోజూ టీషర్టు మీద గుర్తింపు కార్డు వేలాడేసుకుని వచ్చే పిల్లలు ఆ రోజు కుర్తా మీద సద్రీ, సద్రీ మీద కండువా వేసుకుని దిగుతారు. కొత్తగా పెళ్లయినవాళ్లు రిసెప్షన్‌కి కొన్న షేర్వాణీని ఇంకోసారి బయటికి తీస్తారు. మెట్ల మీద వరసగా నిలబడి ఫోటోలు దిగుతారు. చూడ్డానికి బాగుంటుంది. మేం కాదనం.

ఆ వరసలో మావాళ్లూ ఉంటారు. నల్గొండ నుంచో, కర్నూలు నుంచో, పాతబస్తీ నుంచో చదువుకుని వచ్చిన పిల్లలు. అట్లాంటి ఒక రోజున మావాడొకడు తన తండ్రి పెళ్లినాటి నల్ల షేర్వాణీని భుజాల దగ్గర విప్పించి, సరిచేయించి వేసుకెళ్లాడు. పక్క సీటతను జరీ షేర్వాణీలో వచ్చాడు. అతన్ని ‘రాజాలా ఉన్నావ్’ అన్నారు. మావాణ్ని చూసి ‘ఏం నవాబ్ సాబ్, కరాచీ ప్రయాణమా?’ అన్నారు. అన్నవాళ్లు నవ్వుతూనే అన్నారు. మావాడూ నవ్వాడు. సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని మడతపెట్టి మళ్లీ ట్రంకులో పెట్టేశాడు.

రెండూ షేర్వాణీలే. అదే నిలువు కాలరు, అవే నడిమి గుండీలు, అదే మోకాళ్లు దాటే పొడవు. ఒకటి వేడుక అయింది. ఇంకొకటి అనుమానం అయింది. ఇది ఒక్క మావాడి ముచ్చట అయితే మేం రాయాల్సిన పని లేదు. ఆ మాట వెనక పెద్ద చరిత్ర ఉంది. ఆ కోటు మీద ఎవరు ఏ పేరు కుట్టారో, ఎవరి పేరు విప్పేశారో చెప్పుకోవాల్సి ఉంది.

బట్ట మీద బట్ట, పొర మీద పొర తొడగడం ఈ నేలకి నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. మనది, వాళ్లది అని రెండు గళ్లలో సర్దిపెట్టగలిగేదీ కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు కింద నిలబడి తలెత్తి చూడండి. విజయనగర రాజుల కాలంలో, పదహారో శతాబ్దంలో వేసిన బొమ్మలవి. అందులో పెద్దమనుషుల ఒంటి మీద పొడుగు చేతుల తెల్లటి అంగీలున్నాయి, తల మీద నిటారు టోపీలున్నాయి. ఆ అంగీ పేరు కబాయి. ఆ టోపీ పేరు కుళ్లాయి. అరబ్బీలో ‘ఖబా’ అన్నది ఇక్కడ కబాయి అయింది. పర్షియన్ ‘కులాహ్’ కుళ్లాయి అయింది. శివుడి గుడి కట్టించినవాళ్లు, ఆ గుడి పైకప్పు మీద, అరబ్బీ పేరున్న అంగీలో చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నారు.

1443లో పర్షియా నుంచి విజయనగరం వచ్చిన అబ్దుర్ రజ్జాక్ రెండో దేవరాయల్ని పట్టు కబాయిలో చూశాడు. అదే దేవరాయల కొలువుకి పోవడానికి మన శ్రీనాథుడంతటివాడు కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ విసుగంతా ఒక చాటువులో వెళ్లబోసుకున్నాడు. శ్రీకృష్ణదేవరాయల్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు పేయస్, బంగారు గులాబీలు కుట్టిన తెల్లటి బట్టల్లో, జరీ టోపీలో చూశానని రాసుకున్నాడు. అదే రాయలు తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో లోహవిగ్రహమై చేతులు జోడించి నిలబడ్డాడు. అక్కడ తల మీద పొడుగాటి టోపీ ఉంది, ఒంటి మీద పై బట్ట లేదు. దేవుడి ముందు పై పొర తీశాడు. సభలో పదిమంది రాజ్యాలవాళ్ల ముందు తొడిగాడు. రెంటికీ మధ్య ఆయనకి ఏ తగాదా కనపడలేదు. ఆ రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణుడంటే సుల్తానే. ఫిలిప్ వాగనర్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1996లో ఈ సంగతినంతా ఒక వ్యాసంలో విప్పి చెప్పాడు. ఎవరో బలవంతాన తొడిగించిన బట్ట కాదది. అప్పటి పెద్ద ప్రపంచంలో మేమూ ఉన్నామని చెప్పుకోవడానికి ఇష్టపడి తొడిగిన బట్ట.

తర్వాత వచ్చిన జామా, అంగరఖాల సంగతి చూడండి. అవి ఛాతీ మీద ఒక పక్కకి ముడేసే బట్టలు. మొగల్ బొమ్మల్లో ముస్లిం అయితే కుడి పక్కన ముడి, హిందువయితే ఎడమ పక్కన ముడి కనిపిస్తుంది. బట్ట ఒకటే, కుట్టు ఒకటే. మనిషి మతం ముడిలో తెలిసేది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ అంగరఖా, ఇంగ్లీషువాళ్ల ఫ్రాక్ కోటు కలిసి అచ్కన్ అయింది, షేర్వాణీ అయింది. ముడి పోయి గుండీలొచ్చాయి. గుండీల వరస సరిగ్గా ఛాతీ నడిమికి వచ్చింది. అంటే కుడీ లేదు, ఎడమా లేదు. మతాన్ని చెప్పే గుర్తుని ఒంటి మీద నుంచి తీసేసిన కోటు షేర్వాణీ. దాన్నే ఇవాళ మతం గుర్తు అంటున్నారు.

హైదరాబాదుకి అది ఎట్లా వచ్చింది? 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా ఉన్న మొదటి సాలార్జంగ్ కచేరీలు నడపడానికి ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లని పిలిపించాడు. అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ చుట్టూ ఉన్నవాళ్లు కొందరు అట్లా వచ్చారు. కొత్త కచేరీతో పాటు కొత్త కోటూ వచ్చింది. హైదరాబాదు దర్జీ దానికి తన నడుము, తన కాలరు ఇచ్చాడు. దర్బారుకి పోయేటప్పుడు దాని మీద నడుముకి బగ్లూస్, తలకి దస్తారు. బగ్లూస్ అన్న మాట ఇంగ్లీషు బకిల్ నుంచి వచ్చిందంటారు. పేరు అటుది, కుట్టు ఇటుది, గుండీ ఇంకోవైపుది. తెలుగు దర్జీ నోట్లో మాటలు వినండి. జేబు అరబ్బీ. అస్తరు పర్షియన్. పైజామా పర్షియన్. బొత్తాం పోర్చుగీసు. చివరికి దర్జీ అన్న మాటే పర్షియన్. ఈ మాటలన్నీ తీసేసి ఒక్క చొక్కా కుట్టించుకోండి చూద్దాం.

మహారాజా కిషన్ పర్షాద్ రెండుసార్లు ఈ రాజ్యానికి ప్రధాని. ఆయన వేసుకున్నది షేర్వాణీ. 1920 నుంచి 1934 దాకా నగర కొత్వాలుగా ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి దస్తారు, బగ్లూస్‌తోనే ఫోటోల్లో ఉన్నాడు. రెడ్డి హాస్టలు పెట్టించి తెలుగు పిల్లల్ని చదివించింది ఆయనే. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం పాత గ్రూపు ఫోటోలు చూడండి. షేర్వాణీల వరసలో ఎవరు రెడ్డో, ఎవరు సయ్యదో, ఎవరు కాయస్థో కింద పేరు చదివితే తప్ప తెలియదు. అది ముస్లిం దుస్తు కాదు. కచేరీ దుస్తు, కాలేజీ దుస్తు, చదువుకున్న హైదరాబాదీ దుస్తు.

ఇక్కడ మా మీద మేం కూడా ఒక మాట చెప్పుకోవాలి. షేర్వాణీ గురించి మాట్లాడినప్పుడల్లా మా అష్రాఫ్ పెద్దలకి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. పోయిన దర్బారు గుర్తొస్తుంది. మాలో ఎక్కువమందికి ఆ దర్బారు లేదు. పురానీ హవేలీలో ఆరో నిజాం బట్టల కోసం ఒక పక్క పొడవునా రెండంతస్తుల కర్ర అల్మారా ఉంది. దాన్ని టికెట్టు కొనుక్కుని చూసినవాళ్లమే మేం. మా దూదేకులవాళ్లు ఊరందరి రజాయిల్లో దూది ఏకారు. చలికాలం తొడిగే దూది సద్రీల్లో రెండు పొరల మధ్య పొర పేర్చారు. తమ ఒంటి మీద మాత్రం ఒక బనీను, ఒక లుంగీ. ఊళ్లో ఫకీరుకి, కసాబుకి, గాజులమ్మే మనిషికి షేర్వాణీ అంటే పెళ్లిరోజు అరువు తెచ్చుకునే బట్ట. ఒక్క షేర్వాణీలో వాడకట్టు మొత్తం పెళ్లికొడుకులయిన ఊళ్లున్నాయి. జాగీర్దారు షేర్వాణీ చూసి రైతు ఎంత భయపడ్డాడో, మా కూలివాడూ అంతే భయపడ్డాడు. దేశ్‌ముఖు కూడా ఆ కోటే తొడిగాడు. వెట్టి చేయించిన చేతికి కోటు చేయి ఒకటే. ఈ మాట మేం దాచం.

కానీ లెక్క కట్టాల్సి వచ్చినప్పుడు ఆ కోటు లెక్క మొత్తం మా మీద రాశారు. అందులోనూ దాన్ని ఎన్నడూ తొడగనివాళ్ల మీద రాశారు.

1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది. 17కి అయిపోయింది. దానికి ముందు రజాకార్లు చేసినవి చిన్న పాపాలు కావు. ఆ ఆగస్టులో బైరాన్‌పల్లిలో చేసింది ఊచకోత. అదే నెలలో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని చేతులు నరికి చంపారు. ఆయన ముస్లిమే. రజాకారు తొడిగింది ఖాకీ. షేర్వాణీ కాదు. తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయని రాసింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది దాకా పోయారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా మామూలు జనం చదవడానికి దొరకలేదు. చచ్చిపోయినవాళ్లలో నవాబులెందరు? షేర్వాణీలు కుట్టించుకోగలిగినవాళ్లు చాలామంది నగరంలో, గోడల వెనక బతికారు. చచ్చింది పల్లెల్లో ఉన్న లుంగీ.

ఆ రోజుల గురించి మా ఇళ్లల్లో ముసలివాళ్లు తక్కువ మాట్లాడారు. బట్టల సంగతి మాత్రం చెప్పేవాళ్లు. రూమీ టోపీ పొయ్యిలో వేశామనో, షేర్వాణీ విప్పి పిల్లలకి నిక్కర్లు కుట్టించామనో, ట్రంకు అడుగున వేపాకు చల్లి దాచామనో. రైల్లో పోవాలంటే అంగీ, ధోతి. ఉద్యోగానికి పోవాలంటే బుష్‌షర్టు. ఒక తరం మొత్తం పై పొర తీసేసుకుని బతికింది. దేవుడి ముందు తీసింది కాదు, భయంతో తీసింది.

మావాళ్లు ఇక్కడ ట్రంకు మూత వేస్తున్న ఆ ఏడాదే, ఢిల్లీలో దేశ ప్రధానమంత్రి ఒంటి మీద ఉన్నది ఏమిటి? అదే నిలువు కాలరు, అదే నడిమి గుండీల పొడుగు కోటు, గుండీ రంధ్రంలో ఒక గులాబీ. 1962లో రాష్ట్రపతి అయిన మన తెలుగాయన సర్వేపల్లి రాధాకృష్ణన్ అచ్కన్ మీద తలపాగా చుట్టాడు. ఆయన తర్వాత 1967లో రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ షేర్వాణీ తొడిగాడు. ఆయన పుట్టింది హైదరాబాదులోనే. ముగ్గురి కోటూ ఒకటే. అచ్చంగా ఆ కోటే స్వతంత్ర భారతదేశపు దర్బారు దుస్తు అయింది. హైదరాబాదు వీధిలో తప్పయినది ఢిల్లీ మెట్ల మీద ఒప్పయింది. అందులో నెహ్రూ తప్పు లేదు. ఆయనకి కోటు మతం తెలియదు. తప్పు తొడిగిన మనిషిని బట్టి కోటు పేరు మార్చిన చూపుది.

పేరు మారిన కథ సద్రీది ఇంకా విచిత్రం. చేతుల్లేని ఆ పొట్టి కోటు పేరు ‘సదర్’ నుంచి వచ్చింది. సదర్ అంటే అరబ్బీలో ఛాతీ. కుర్తా మీద ఛాతీని కప్పే పొర కాబట్టి సద్రీ. నెహ్రూ దాన్ని తొడిగాక జవహర్ కోటు అయింది. 1960లలో బయటి దేశాల్లో నిలువు కాలరు కోటు ఫ్యాషనయి ‘నెహ్రూ జాకెట్’ అని పేరు పడింది. 2018 అక్టోబరులో దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే-ఇన్ తనకి మన ప్రధాని పంపిన కోట్లని చూసి మురిసిపోతూ వాటిని ‘మోదీ’ పేరుతో చెప్పాడు. కాదు, అది నెహ్రూ జాకెట్ అని కాశ్మీరు నుంచి ఒమర్ అబ్దుల్లా గుర్తుచేశాడు. రెండు పార్టీల మధ్య కొన్నాళ్లు రభస నడిచింది. ఆ రెండు పేర్ల కింద సద్రీ అన్న పాత పేరు నలిగి అడుగున పడిపోయింది. కోటు ఒంటి మీదే ఉంది. పేరు మాత్రం దేశం వదిలి పోయినట్టయింది.

మళ్లీ ఆ అద్దాల మేడల దగ్గరికి వద్దాం. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించాడు. గుట్టలు పోయాయి, రోడ్లొచ్చాయి. వాళ్లు దానికి కొత్త నగరమని పేరు పెట్టారు. రెవెన్యూ కాగితాలు తీస్తే మాత్రం పాత పేర్లే పలుకుతాయి. రాయదుర్గ్ పాయెగా, రాయదుర్గ్ నౌఖాల్సా, ఖానామెట్, హఫీజ్‌పేట్, గుట్టల బేగంపేట. కొత్త నగరం కాదది. పాత బట్ట మీద వేసిన కొత్త పొర.

ఆ పొర కింద, రాయదుర్గం దగ్గర, హుస్సేన్ సాగర్ కట్టించిన హుస్సేన్ షా వలీ దర్గా పక్కన, ఒక మగ్గాల చోటు ఉంది. దాన్ని నడిపిన మనిషి సురయ్యా హసన్ బోస్. 1928లో పుట్టి 2021 సెప్టెంబరులో కన్నుమూసింది. నిజాం రాజ్యంతో పాటే పోవాల్సిన హిమ్రూ, మష్రూ నేతల్ని పట్టుదలగా బతికించింది ఆమె. భర్తలు పోయిన ఆడవాళ్లకి నేత నేర్పి మగ్గం మీద కూర్చోబెట్టింది. వాళ్ల పిల్లలకి పక్కనే బడి పెట్టింది.

ఈ రెండు బట్టల సంగతి తెలిస్తే షేర్వాణీ సంగతి తెలుస్తుంది. మంచి షేర్వాణీలు వీటితోనే కుట్టేవాళ్లు. హిమ్రూ అంటే నూలు నేత మీద పట్టు పూలు. ఔరంగాబాదు దానికి పేరు. అప్పట్లో ఔరంగాబాదు నిజాం రాజ్యంలోదే. మష్రూ ఇంకా ముచ్చటైనది. ముస్లిం మగవాడు ఒంటికి పట్టు తగిలేట్టు తొడగకూడదని ధర్మం. మరి పట్టు మీద మోజు పోతుందా? నేతగాడు దారి కనిపెట్టాడు. పట్టు పోగులు పైకి తేలేట్టు, నూలు పోగులు లోపలికి ఉండేట్టు నేశాడు. చూసేవాడికి పట్టు, తొడిగినవాడికి నూలు. మష్రూ అంటే ధర్మం ఒప్పుకున్నది అని అర్థం. కోటుకి రెండు పొరలు దర్జీ కుట్టేదాకా ఆగలేదు, బట్టలోనే రెండు పొరలు నేశారు. పాత పద్ధతిలో హిమ్రూ పూల లెక్కంతా దారాల ముళ్లలో దాచేవాళ్లు. ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో ఆ ముళ్లు చెప్పేవి. తర్వాత జాకార్డ్ మగ్గం ఆ పనిని చిల్లుల అట్టలకి అప్పజెప్పింది. కంప్యూటరు తొలిరోజుల్లో లెక్కలు ఎక్కించింది అట్లాంటి చిల్లుల అట్టల మీదే. ఆ అద్దాల మేడల్లో రాత్రింబగళ్లు ప్రోగ్రాములు రాసే పిల్లలకి కూతవేటు దూరంలో, చదువురాని చేతులు అదే పని దారంతో చేశాయి.

సురయ్యా హసన్ పెట్టిన ఆ బడికి పేరు సఫ్రానీ. ఆమె చిన్నాన్న ఆబిద్ హసన్ సఫ్రానీ పేరది. హైదరాబాదు మనిషి. 1943లో సుభాస్ చంద్ర బోస్‌తో జలాంతర్గామిలో జర్మనీ నుంచి బయలుదేరిన సహచరుడు. ఇవాళ ప్రతి సభలో గొంతు చించుకుని అనే ‘జై హింద్’ నినాదం ఆయన కూర్చినదేనని చెప్తారు. జెండాలోని కాషాయం మీద గౌరవంతో తన పేరు చివర సఫ్రానీ అని చేర్చుకున్నాడంటారు. సఫ్రానీ అంటే కాషాయ రంగువాడు. ఆ పేరున్న బడి కాంపౌండుని దాటుకుని రోజూ వేలమంది ఆఫీసులకి పోతారు. అందులో ఎవరో ఒకరు మావాణ్ని ‘కరాచీ ప్రయాణమా’ అని అడుగుతారు.

ఆ మేడల్లో తిరిగే జరీ షేర్వాణీ ఎక్కడ తయారవుతుందో కూడా చూడండి. పాతబస్తీ గల్లీల్లో చిన్న చిన్న గదులున్నాయి. కర్ర చట్రానికి బట్ట బిగించి, నలుగురు చుట్టూ కూర్చుని సూదితో జరీ, పూసలు కుడతారు. ఉర్దూలో కార్‌చోబ్ అంటారు. తెలుగులో ‘మగ్గం వర్క్’ అంటారు. తెల్లారినప్పటి నుంచి లైటు కింద మెడ వంచుకుని కూర్చునే ఆ చేతుల్లో ఎక్కువ మా చేతులే. కోటు షోరూములో ఎక్కేసరికి దానికి కంపెనీ పేరు అంటుకుంటుంది. ధర పక్కన సున్నా చేరుతుంది. కుట్టినవాడి పేరు ఉండదు. బయటికి కనపడేది పై పొర. లోపల ఉండి కోటుని కోటులా నిలబెట్టేది అస్తరు. చెమట పీల్చేది అస్తరు. ముందు చిరిగేది కూడా అస్తరే.

షేర్వాణీ మాది, తిరిగి ఇచ్చెయ్యండి అని మేం అడగడం లేదు. అట్లా అడిగితే కబాయి చరిత్ర మాకే అడ్డం వస్తుంది. మీ పెళ్లికొడుకు తొడిగితే మాకు సంతోషమే. కుట్టింది మావాడే, బాగా కుదిరిందా లేదా అని చూస్తాం. సద్రీని నెహ్రూదనుకున్నా, ఇంకొకరిదనుకున్నా మాకు నష్టం లేదు. మాదొకటే మాట. ఆ కోటు తొడిగిన మీవాణ్ని ఎవరూ ఏ ఊరు ప్రయాణమని అడగడం లేదు. మావాణ్నీ అడగొద్దు. బట్టని ఒప్పుకుని మనిషిని ఆపే గుమ్మం గుమ్మం కాదు.

మాలో మేం అనుకోవాల్సింది కూడా ఉంది. షేర్వాణీని దర్బారు జ్ఞాపకంగా మోయడం మానాలి. దూది ఏకినవాడి, నేసినామె, కుట్టినవాడి చరిత్రగా దాన్ని మళ్లీ తొడగాలి. అప్పుడది నవాబు కోటు కాదు, మా కష్టం కోటు. దానికి ఎవరి ముందూ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు.

మావాడి షేర్వాణీ ఇంకా ట్రంకులోనే ఉంది. వాళ్లమ్మ ఏడాదికోసారి తీసి ఎండలో ఆరేస్తుంది. పైన నల్లరంగు వెలిసింది. అస్తరు ఇంకా గట్టిగానే ఉంది.